మూడో గుండీ

ఆ రోజు పొద్దున మా మనవడి పసుపు గళ్ళ చొక్కాకి మూడో గుండీ లేదు. అప్పటికే ఎనిమిదైంది. ఎనిమిదిన్నరకల్లా వాణ్ణి డేకేర్‌లో దింపాలి. తెల్ల గుండీ కోసం డబ్బా అంతా కెలికాను. మామూలప్పుడు గుప్పెళ్ళ కొద్దీ కాళ్ళకింద దొర్లే తెల్ల గుండీలు ఆ పూట ఒక్కటీ కనపడలేదు. చేతికి దొరికిన ఆకుపచ్చది పెట్టి కుట్టేసి, దారం పళ్ళతో తెంచేశాను. తొడిగాక చూస్తే నాలుగు తెల్ల గుండీల మధ్య అది అన్నంలో పడ్డ బఠాణీలా ఉంది.

వాడికి మూడున్నరేళ్ళు. ఇంట్లో అందరం బుడ్డోడు అంటాం. ఆ బఠాణీ వాడికి తెగ నచ్చింది. బస్సులో పక్కన కూర్చున్నావిడకి కూడా చూపించాడు. ఆవిడ ముచ్చటపడి బుగ్గ గిల్లబోతే నేను వాణ్ణి ఇటు జరుపుకున్నాను. ఎవరి చేతులు ఎలాంటివో మనకేం తెలుసు.

డేకేర్ గేటు దగ్గర రోజూ చెప్పే మాటలే చెప్పాను. బూట్లు విప్పకు, పోతాయి. సంచి ఒదలకు. గేటు వైపు చూస్తుండు, నేను వచ్చేస్తా. ఎవరేం పెట్టినా తినకు. వాడు ప్రతిదానికీ తల ఊపాడు. అంత బుద్ధిగా వినే పిల్లాణ్ణి నా ఇద్దరు కూతుళ్ళలోనూ చూడలేదు.

మీ ఇంట్లో మీరుండగా డేకేర్ ఎందుకని అడిగినవాళ్ళున్నారు. నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను. చుట్టూ సూదులు, కత్తెరలు, హుక్కులు. రెండు నెలల కిందట వాడు ముక్కులో గుండీ పెట్టుకున్నాడు. అది తీయించుకుని వచ్చిన రోజే, వీణ్ణి పగలంతా చూసుకునే ధైర్యం నాకు లేదని నేనే చెప్పేశాను. మా అల్లుడు ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అందుకే పెద్దది, వాడు మాతోనే ఉంటున్నారు.

పెద్దది మందుల కంపెనీలో సీసాల మీద లేబుళ్ళు సరిచూస్తుంది. పిల్లాడు ఏడుస్తున్నాడని తెలిసి అంతకుముందు రెండు ఉద్యోగాలు మధ్యలో వదిలి వచ్చేసింది. ఇది మూడోది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. పన్నెండున్నరకి భోజనం గంట కొట్టాక లాకరులోంచి ఫోను తీసి, ముందు డేకేర్ పంపిన ఫోటో చూసి, తర్వాతే డబ్బా మూత తీస్తుంది. ఆ ఫోటో మా అందరి ఫోన్లకీ వస్తుంది.

ఆ రోజు కూడా పన్నెండున్నరకి వచ్చింది. బుడ్డోడు చెంచా పట్టుకుని కూర్చున్నాడు. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండలో చెవి అంచు ఎర్రగా మెరుస్తోంది. కళ్ళు పళ్ళెం మీద లేవు, ఎక్కడో గోడ మీద ఉన్నాయి. అన్నం తింటున్నప్పుడు వాడు అచ్చం అలాగే ఉంటాడు. పసుపు గళ్ళ చొక్కా. గుండీలు ఐదు.

ఐదూ తెల్లవే.

ఫోటో పెద్దది చేశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. మూడో గుండీ మీద వేలు పెట్టాను, ఏదో పైన అంటుకున్నట్టు గీకాను కూడా. తెల్లగానే ఉంది.

మా ఆయన పక్కగదిలో పాత ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. లిఫ్టులు బాగుచేసే పనిలోంచి దిగాక చేతులు ఊరుకోక ఇంట్లో ఉన్నవన్నీ విప్పుతుంటారు. వెళ్ళి చూపించాను. "గుండీ ఊడిపోయి ఉంటుంది, ఆయమ్మ ఇంకోటి కుట్టి ఉంటుంది" అన్నారు. ఆయమ్మ దగ్గర సూదీ దారం ఎందుకుంటాయని అడిగాను. "అయితే ఎండకి రంగు మారి ఉంటుంది." నాలుగు గంటల్లో గుండీ రంగు మారుతుందా అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "నీకు తాడు చూపిస్తే పాము అంటావు, పాము లేదని చూపిస్తే ఇక్కడున్న పాము ఏమైంది అంటావు" అన్నారు.

మా ఇంట్లో నా మాటకి ఉన్న విలువ అది. నిజమే, నేను చాలాసార్లు పొరబడ్డాను. గ్యాసు వాసన అని మూడిళ్ళవాళ్ళని మెట్లు దింపించాను, తీరా అది పక్కింటి చెప్పుల జిగురు. కానీ గుండీ నేను కుట్టాను. కుట్టినదాని మీద నాకు అనుమానం ఉండదు.

చొక్కా మార్చారా? అదే బట్ట, అదే కాలర్, ఇంకొకటి ఎక్కణ్ణుంచి వస్తుంది? లేక అది పాత ఫోటోనా? పాతదైతే ఇవాళ్టి ఫోటో ఏది? ఇవాళ వాడు ఎక్కడున్నాడు?

చిన్నదానికి ఫోను చేశాను.

చిన్నది పనిచేసేది ఆ డేకేర్ వాళ్ళ ఆఫీసులోనే. వాళ్ళకి మూడు చోట్ల డేకేర్లున్నాయి, ఆఫీసు మాత్రం ఊరికి ఆ చివర. పొద్దున ఏడింటికే వెళ్ళిపోతుంది. కంప్యూటర్‌కి మాటలు రాసిచ్చి బొమ్మలు వేయించడం దాని ఉద్యోగం. గోడలకి జంతువులు, కరపత్రాలు, పిల్లల పుస్తకాలకి అట్టలు. అలా రాసిచ్చే మాటల్ని ప్రాంప్ట్ అంటారు. మూడు డేకేర్లలోనూ ఆయమ్మలు మధ్యాహ్నం తీసిన ఫోటోలు ముందు దాని దగ్గరికి వస్తాయి. వెలుతురు సరిచేసి, ఎవరి పిల్లల ఫోటో వాళ్ళ ఇంటికి పంపేదీ అదే.

"బుడ్డోడి చొక్కా ఎవరైనా మార్చారా?" అని అడిగాను.

"ఏ చొక్కా?" అంది. నాలుగేళ్ళప్పుడు చక్కెర సీసా పగలగొట్టి, ఏ సీసా అని అడిగిన గొంతే అది. తర్వాత "పనిలో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.

పాత ఫోటోలన్నీ వరసగా తీసి చూశాను. వాడు డేకేర్‌లో చేరి తొమ్మిది రోజులు, ఫోటోలు తొమ్మిది. చొక్కాలు వేరు, పళ్ళెంలో తిండి వేరు. ఎండ మాత్రం రోజూ ఎడమ వైపు నుంచే, అదే చెవి మీద పడుతోంది. మంగళవారం ఫోటోలో కూడా పడుతోంది. మంగళవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వాన. దింపడానికి వెళ్ళి నేను మోకాళ్ళ దాకా తడిసి వచ్చాను. ఆ ఎండని చూసి ఆ రోజు నాకు ఎందుకు తోచలేదో! బుగ్గ ఉబ్బి ఉంటే చాలు, ఇంకేం చూడలేదు.

చిన్నదాని బీరువా ఎప్పుడూ తీయను. కూతుళ్ళు పెద్దవాళ్ళయ్యాక తల్లి కొన్ని తలుపులు తట్టాలి, తీయకూడదు. ఆ రోజు తీశాను. బట్టల కింద నీలం అట్ట నోటుపుస్తకం దొరికింది.

ఆ పుస్తకం నాకు తెలియనిది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని అందులో రాసుకునేది. ఒకసారి 'వానలో కుక్క' అని రాసి కంప్యూటర్‌కి ఇచ్చింది. వచ్చిన కుక్క క్యాలెండర్‌లో కుక్కలా ఉంది. ఒంటి మీద చుక్క నీళ్ళు లేవు. ఏ కుక్క అది అని అడిగాను. ఎవరిది, వీధిదా, పెంచిందా? వాన ఎప్పట్నుంచి పడుతోంది? ఎక్కడికి పోతోంది? ఎవరూ లోపలికి రానివ్వలేదా? నాకు నిజంగానే ఆ కుక్క మీద బెంగ పట్టుకుంది. చిన్నది నా మొహం చూసి, నేను అడిగిన ప్రతిదానికీ జవాబు రాసింది. రంగు వెలిసిన గోధుమ కుక్క, మెడలో తెగిన పట్టీ, మూసిన షట్టరు ముందు, ముందుకాలు ఒకటి పైకెత్తి, వీధి దీపం వెనక నుంచి. ఈసారి వచ్చిన కుక్కని చూసి మా ఆయన కుర్చీలోంచి లేచి తువ్వాలు తెస్తానన్నారు.

"నీ భయాలన్నీ ప్రాంప్టులేనమ్మా, ఇన్నేళ్ళూ మా మీద వృథా చేశావు" అని నవ్వింది చిన్నది.

తర్వాత్తర్వాత నాకూ ఆ పని కాస్త పట్టుబడింది. కొలతలు తీసుకోవడం లాంటిదే. 'కాస్త వదులుగా కుట్టు' అంటారు వచ్చినవాళ్ళు. కాస్త అంటే అరంగుళమా, అంగుళమా? అది తేల్చకుండా కత్తెర పెడితే బట్ట పాడవుతుంది. 'అందమైన' అనే మాట రాస్తే కంప్యూటర్ అందరికీ ఒకటే మొహం పెడుతుందట. 'నవ్వుతున్న పిల్లాడు' అంటే పళ్ళపొడి డబ్బా మీద పిల్లాడు వస్తాడు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, వెలుతురు ఎటునుంచి, మనం ఎంత దూరంలో నిలబడి చూస్తున్నాం, ఇవన్నీ చెప్పాలి. ఏమేం వద్దో కూడా చెప్పాలి. చెప్పకపోతే చేతికి ఆరో వేలు మొలుస్తుంది.

పుస్తకంలో మొదట కుక్క ఉంది. తర్వాత ఏనుగులు, అక్షరాలు, పుట్టినరోజు కార్డులు. ఆ తర్వాత పేజీ పైన తారీకు వేసి ఉంది. బుడ్డోడు డేకేర్‌లో చేరిన రోజు అది.

'మూడున్నరేళ్ళ పిల్లాడు. ఇచ్చిన ఫోటోలో మొహమే. ముద్ద మింగకుండా ఎడమ బుగ్గలో దాచుకుంటాడు, ఆ బుగ్గ నిమ్మకాయంత ఉబ్బి ఉండాలి. పళ్ళెం వైపు చూడడు, గోడ మీద బల్లి ఉందేమోనని చూస్తుంటాడు. నవ్వు వద్దు. నవ్వబోయే ముందు కింది పెదవి కాస్త లోపలికి పోతుంది, అది కావాలి. ఎడమ కిటికీ నుంచి ఎండ, చెవి అంచు ఎర్రగా. నడుము పైనే. వద్దు: కన్నీళ్ళు, చీమిడి, ఆరో వేలు, పెద్దవాళ్ళ చేతులు.'

నేను మంచం మీద కూర్చుండిపోయాను. నిమ్మకాయంత అన్న మాట నాది. బల్లి నాది. లోపలికి పోయే కింది పెదవి కూడా నాదే. చిన్నది ఒకరోజు, బుడ్డోడు అన్నం తినేటప్పుడు ఎలా ఉంటాడో చెప్పమ్మా అని అడిగింది. నన్నెవరూ ఏదీ అడగని ఇంట్లో అది అడిగిందని నేను అరగంట చెప్పాను. మిషను ఆపి మరీ చెప్పాను.

పేజీలు తిప్పాను. తొమ్మిది తారీకులు, తొమ్మిది ప్రాంప్టులు. ఆఖరిదాంట్లో 'పసుపు గళ్ళ చొక్కా, ఐదు తెల్ల గుండీలు' అని ఉంది. ఆ చొక్కా నేను ముందురోజు సాయంత్రమే ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. అది చూసి రాసుకుని ఉంటుంది. పొద్దున నేను డబ్బా కెలికే వేళకి అది ఇంట్లో లేదు.

నా పిల్లాడు తొమ్మిది రోజులుగా నాకు కనపడలేదు. అలాగే అనిపించింది. పొద్దున నేను దింపినవాడు, నాలుగింటికి నేను తెచ్చుకునేవాడు నిజం. మధ్యలో ఉన్న ఏడున్నర గంటలూ నా కూతురు రాసింది.

మా ఆయనకి పుస్తకం చూపించాను. ఆయన చదివి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, "నేనూ వస్తా" అన్నారు. ఫ్యాను ముక్కలు నేల మీద ఉన్నాయి, అవన్నీ సర్దేదాకా ఆగలేనని నేనే వద్దన్నాను. బస్సులో నించునే ఉన్నాను, సీటు ఖాళీగా ఉన్నా. డేకేర్ నడిపే మేడమ్‌గారి మీద నాకు మొదటిరోజే అనుమానం వచ్చింది. మరీ మెల్లగా మాట్లాడుతుంది ఆవిడ. పిల్లాడికి దెబ్బ తగిలిందా, తొమ్మిది రోజులుగా ఏదన్నా దాస్తున్నారా, దాన్ని కప్పిపుచ్చమని నా కూతురి మెడ మీద కూర్చున్నారా? ఒక్కో స్టాపుకి ఒక్కో ఘోరం తోచింది. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే వాడు రెండు గిన్నెలు ఖాళీ చేస్తుంటే, పిల్లాడు ఒళ్ళు చేస్తున్నాడని మురిసిపోయాను. ఆ తిండి మీద కూడా ఇప్పుడు అనుమానం వచ్చింది.

డేకేర్ చేరేసరికి రెండవుతోంది. పిల్లలందరూ లోపల గదిలో చాపల మీద పడుకుని ఉన్నారు. బుడ్డోడు మాత్రం గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాడు. వీపుకి సంచి. కాళ్ళకి బూట్లు. చూపు గేటు మీద. పక్కన మూతపెట్టిన పళ్ళెం. ఆకుపచ్చ గుండీ ఉన్నచోటే ఉంది.

ఒళ్ళంతా తడిమి చూశాను. దెబ్బ లేదు, వాత లేదు, జ్వరం లేదు. వాడు నా చెయ్యి పట్టుకుని, బహుమతి అందుకోబోయే పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"అమ్మమ్మా, నేను తినలేదు. ఒక్కరోజు కూడా తినలేదు."

ఆయమ్మ లోపల్నుంచి వచ్చింది. నా వయసే ఉంటుంది. చేతిలో తడిబట్ట. నన్ను చూసి గతుక్కుమంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడే మొదలుపెట్టింది.

"నోరు బిగించేసుకుంటాడు అమ్మమ్మగారూ. 'మా అమ్మమ్మ వద్దంది' అంటాడు. ఆ సంచిలో మీరు పెట్టిన బిస్కెట్లు తప్ప ఇంకేం ముట్టడు. బూట్లు విప్పుదామన్నా మీ మాటే చెప్తాడు. ఇక నేనేం చెయ్యను?"

మొదటిరోజే ఆఫీసుకి ఫోను చేసి మీ చిన్నమ్మాయికి చెప్పానంది. ఏడుస్తున్న ఫోటో కూడా పంపిందట. నేను చూసుకుంటాను, మా అమ్మకి మాత్రం చెప్పకండి, ఆవిడ తట్టుకోలేదు అందట మా చిన్నది. సాయంత్రం గేటు దగ్గర నన్ను చూసినప్పుడల్లా చెబుదామా వద్దా అని ఆయమ్మ తొమ్మిది రోజులు నలిగిపోయింది. మేడమ్‌గారికి ఈ సంగతే తెలియదు.

వీధిలో ఎవడో చాక్లెట్ ఇచ్చి ఎత్తుకుపోతాడని నా భయం. అందుకని ఎవరేం పెట్టినా తినకు అన్నాను. ఆ మాటలో ఎవరు ఉన్నారో ఎవరు లేరో నేను చెప్పలేదు. వాడు అందర్నీ కలిపేసుకున్నాడు. కాస్త వదులుగా అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళ మీద ఇన్నేళ్ళూ విసుక్కున్నాను. మూడున్నరేళ్ళవాడికి నేను చెప్పింది అంతకంటే తిన్నగా ఏమీ లేదు.

ఇక నుంచి తిను అంటే సరిపోదని నాకు తెలుసు. ఒకసారి నాటిన మాట పీకితే రాదు. బల్ల మీద వాడి పక్కన కూర్చున్నాను. ఆయమ్మని కూడా కూర్చోమన్నాను. ఈవిడ ఎవరో తెలుసా అని వాణ్ణి అడిగాను. తెలియదన్నాడు. ఈవిడ నాకు అక్క అన్నాను. అక్క అంటే నీకు పెద్దమ్మమ్మ. ఆయమ్మ నా వైపు చూసింది. అవునంటూ తల ఊపింది. నిజంగానే అక్కా అని వాడు అడిగాడు. పోలికలు వెతుకుతున్నాడు. వాడిలో నా రక్తం ఉంది, ఊరికే నమ్మడు.

"అక్కా, నాకో ముద్ద పెట్టు" అన్నాను ఆయమ్మతో.

బయట మంచినీళ్ళు కూడా తాగని మనిషిని నేను. పెళ్ళిళ్ళలో కూడా నా నీళ్ళు నేనే తీసుకెళ్తాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, పళ్ళెం మూత తీసి, ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. కళ్ళు మూసుకుని తిన్నాను. చల్లారిపోయింది, ఉప్పు తక్కువ. నాకేమవుతుందోనని వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. మింగి, నోరు తెరిచి చూపించాను. రెండో ముద్ద కూడా నాకే పెట్టమన్నాడు. మూడోది వాడు తిన్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం చిన్నది వచ్చేసరికి నీలం అట్ట పుస్తకం మిషను మీద పెట్టి కూర్చున్నాను. దాన్ని చూసి అది చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

మొదటిరోజు ఆయమ్మ పంపిన ఫోటో తన ఫోనులో చూపించింది. మొహమంతా కన్నీళ్ళు, బిగించిన నోరు. ఇది అక్కకి వెళ్తే అక్క సాయంత్రానికి ఉద్యోగం మానేసేది అంది. నాకు చెబితే నేను గేటుకి వేలాడేదాన్నట. ఒక్కరోజుకే అనుకుంది. ఆ రోజు సాయంత్రం పెద్దది వచ్చి, ఇవాళ ఒక్క లేబులు కూడా తప్పు పోలేదు, వాడు తింటున్నాడని చూశాక చేతులు వాటంతటవే కదిలాయి అని చెప్పింది. ఆ మాట విన్నాక మర్నాడు మళ్ళీ రాయక తప్పలేదంది.

నాకు ఒక్కటే తెలియాలి. "ఇంకెంతమంది పిల్లలకి ఇలా రాశావు?"

"ఎవరికీ లేదమ్మా. వేరే పిల్లలు ఎలా తింటారో నాకేం తెలుసు?"

నమ్మాలా వద్దా తేల్చుకోలేకపోయాను. పుస్తకం మొత్తం మళ్ళీ తిప్పాను. వేరే పిల్లల పేజీ లేదు. అది నిజమే అయుండాలి. ముద్ద ఏ బుగ్గలో దాచుకుంటారో తెలియకుండా ఆ బొమ్మ రాదు.

పెద్దది వచ్చాక చిన్నది తనే చెప్పింది. నేను పక్కన నిలబడ్డాను. నా వంతు మాటలు నేను చెప్పాను, వాడి చెవిలో రోజూ ఏం పోశానో. పెద్దది అరుస్తుందనుకున్నాను. ఫోను తీసి తొమ్మిది ఫోటోలూ ఒక్కొక్కటీ చూసింది.

"వీటిని చూసుకుంటూ నేను అన్నం తిన్నాను" అంది.

చిన్నది ఏడ్చింది. పెద్దది ఫోను పక్కన పెట్టి, రేపట్నుంచి ఆయమ్మ ఏది పంపితే అదే పంపు, ఏడుస్తున్నా సరే, నేను మానేస్తే అప్పుడు తిట్టు అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున చిన్నది మామూలుగానే ఏడింటికి బయలుదేరింది. నేను అప్పటికే గుండీల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. అది చూసి గుమ్మంలో ఆగింది.

"ఇవాళ ఏది కుడతావో నాకు చెప్పకు" అంది. "రేపు కూడా చెప్పకు."

నీలంది కుట్టాను, చొక్కాకి నాలుగోది. గేటు దగ్గర ఈసారి మాటలు కొలిచి చెప్పాను. పెద్దమ్మమ్మ పెడితే తిను. పెద్దమ్మమ్మ విప్పమంటే బూట్లు విప్పు. వీధిలో తెలియనివాళ్ళు ఇస్తే తీసుకోకు. వాడు మూడు వేళ్ళు మడిచి, ఇంకా అని అడిగాడు. అంతే అన్నాను. అంతే అనడానికి నాకు కాస్త సమయం పట్టింది.

పన్నెండున్నర అయింది. రాలేదు. పన్నెండూ నలభైకి వచ్చింది. ఆయమ్మ వేలు సగం ఫోటోకి అడ్డంగా ఉంది. వెలుతురు లేదు, అంతా బూడిద రంగు. వాడి మొహం పక్కకి తిరిగి ఉంది, చెవీ జుట్టూ తప్ప ఏమీ కనపడదు. చొక్కా మీద గుండీల వరస మొత్తం మీద కూర ఒలికిపోయి ఉంది. ఎంత పెద్దది చేసినా నాలుగోది ఏ రంగో తెలియలేదు.

మా ఆయన నా భుజం మీంచి తొంగిచూశారు.

"ఏ రంగు?"

"కనపడటం లేదు."

"ఇంత చెడిపోయిన ఫోటోకి కూడా ప్రాంప్ట్ రాస్తుందంటావా?"

"రాయగలదు. నా కూతురే కదా."

చెప్పులు వేసుకున్నాను. గొళ్ళెం తీశాను. బస్సుకి చిల్లర ఉందో లేదో చూసుకుంటూ, ఇంకొక్కసారి ఫోటో చూశాను. ఈసారి పైన కాదు, కింద. ఆ తొమ్మిదింటిలోనూ నడుము పైనే ఉంది. ఇది ఆయమ్మ దూరంగా నిలబడి తీసింది, బల్ల కింద దాకా పడింది. వాడి కాళ్ళు గాల్లో ఊగుతూ మసకగా ఉన్నాయి. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోదానికి లేదు. బూటు ఒకటి బోర్లా పడి ఉంది. ఇంకోటి ఎక్కడుందో తెలియదు. సంచి వీపు మీద లేదు.

ఆ రెండో బూటు పోయిందేమోనని కంగారుపడ్డాను. కాసేపు గుమ్మంలోనే ఉండి, చెప్పులు విప్పేసి, లోపలికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను. మూడున్నరకి బయలుదేరాల్సింది, మూడింటికే బయలుదేరాను.